పద్దెనిమిది వేల ప్రాజెక్టు, పైసా ఖర్చు లేని రిపోర్టు



ఈసారి పోస్టు పొడుగైంది. తీరిక చూసుకుని చదవండి. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఉంటే మాత్రం తప్పకుండా చదవండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక విషయం మీ ముందు పెడుతున్నాం. ఎందుకు పెడుతున్నామో ఇక్కడే చెప్పేస్తే అక్కడ వాదులాట తగ్గుతుందని మా ఆశ.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. విద్యా సహాయ నిధి బాధ్యత మీరు మా భార్యాభర్తలకు అప్పగించి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో "ప్రాజెక్టు ఖర్చు" అని వచ్చిన అర్జీలన్నిటికీ కళ్లు మూసుకుని సంతకం పెట్టాం. వైర్లు, బోర్డులు, ప్రింటింగు, బైండింగు అయి ఉంటుందనుకున్నాం. ఒక్కరిని కూడా రసీదు అడగలేదు. గాంధీ గంజ్‌లో తూకం చీటీ లేకుండా ఒక్క బస్తా కదలనివ్వం మనం. సంఘం డబ్బు మాత్రం అట్లా చీటీ లేకుండానే కదిలిపోయింది.

పోయినేడు దసరాకు జమ్మి పెట్టడానికి వచ్చిన ఒక పిల్లవాడు చెప్పేదాకా మాకు విషయం తెలియదు. వాడు మనం సాయం చేసినవాడే. ఉద్యోగం ఇంటర్వ్యూలో "నీ ప్రాజెక్టు ఎట్లా పనిచేస్తుందో బోర్డు మీద గీసి చూపించు" అన్నారట. "నాకు రాలే కాకా. నేను చేస్తే గద వచ్చేది? హైదరాబాదుల ఒక దుకాణంల కొన్నం. పుస్తకం, సీడీ, అన్నీ వాళ్లే ఇచ్చిండ్రు" అన్నాడు. ఉద్యోగం రాలేదు. అయినా మా కాళ్లకు దండం పెట్టి, "మీరు పైసలిచ్చిండ్రు, మీ మేలు మరువను" అన్నాడు. ఆ దండం మాకు చెంపదెబ్బలాగా తగిలింది.

ఈ ఏడు అదే అర్జీ మా ఇంట్లో నుంచే వచ్చింది. మా తమ్ముడి కూతురు కంప్యూటర్ సైన్సు ఆఖరి సంవత్సరం. తమ్ముడు కాగితం తెచ్చి గద్దె మీద పెట్టాడు. 18,000 రూపాయలు. వాడి వెనకే అమ్మాయి నిలబడింది, ముఖం ముడుచుకుని.

"నీకిష్టమేనా బిడ్డా?" అని అడిగాం.

"ఇష్టం లేదు పెద్దమ్మా. నాకు ఒక ఆలోచన ఉన్నది. కానీ దాని గురించి ఎక్కడ చదవాలో తెలుస్తలేదు. మా సారు, నీకంటె ముందు ఎవరు చేసిన్రో రాసుకుని రా అన్నరు. నేను నాలుగు వీడియోలు చూసి రాసుకపోతే, ఇవి కాదు అన్నరు."

ఆలోచన మాత్రం ముచ్చటగా ఉంది. మన గంజ్‌లో హరాజు ఎట్లా నడుస్తుందో మీకు తెలియనిది కాదు. కందులను ఒకరు తొగరి అంటారు, ఒకరు తూర్ అంటారు. ధర చెప్పేటప్పుడు ఒకరు "ఏడు వేలు" అంటే ఇంకొకరు "ఏళు సావిర", మరొకరు "సాత్ హజార్". అందరూ ఒకేసారి అరుస్తారు. గుమాస్తా చెవి ఒగ్గి రాసుకోవాలి. ఆ ధర ఫోనే విని రాసుకుంటే ఎట్లా ఉంటుంది అన్నది అమ్మాయి ఆలోచన. పుట్టినప్పటి నుంచి ఈ అరుపుల మధ్య పెరిగిన పిల్లకు కాక ఇంకెవరికి తడుతుంది ఇది?

18,000 కాగితం పక్కన పెట్టాం. "నెల రోజులు చూద్దాం. దొరకకపోతే అప్పుడు ఆలోచిద్దాం" అన్నాం. తమ్ముడు మా మీద అలిగి వెళ్లిపోయాడు. మార్కులు పోతే మీదే పూచీ అన్నాడు. ఆ మాట మాకు నెల రోజులూ నిద్ర పట్టనివ్వలేదు.

కాలేజీ లైబ్రరీలో ఒక లావు పుస్తకం వెనక, చిన్న అక్షరాల్లో, అమ్మాయికి ఒక వరుస దొరికింది. రెడ్డి అనే పేరు, స్టాన్‌ఫర్డ్, 1966, ఏఐ మెమో 43. అంతే. "మెమో" అని వినగానే మాకు రెండే గుర్తొచ్చాయి. ఒకటి మార్కుల మెమో, రెండోది ఆఫీసులో తప్పు చేసినవాడికి ఇచ్చేది. "పాపం, ఆ రెడ్డిగారు ఏం తప్పు చేసిండో" అని నవ్వుకున్నాం కూడా.

తర్వాత తెలిసింది, ఆయన మనవాడే. డాక్టర్ రాజ్ రెడ్డి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో 1958లో డిగ్రీ, ఆస్ట్రేలియాలో ఎం.టెక్., ఆ తరువాత అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం. మనిషి మాట్లాడితే కంప్యూటర్ ఆ ధ్వనులను ఎట్లా విడదీసి గుర్తుపట్టాలి అన్నది ఆయన 1966 నాటి డాక్టరేటు పని. 1994లో కంప్యూటర్ రంగంలో అన్నిటికంటె పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మన అమ్మాయి గాంధీ గంజ్‌లో కూర్చుని ఆలోచిస్తున్న పనికి పునాది వేసినవాళ్లలో ఒకరు తెలుగు పల్లె నుంచి వెళ్లిన మనిషి. ఈ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు. మనకూ తెలియదు.

ఆ "మెమో" అంటే ఏమిటో అమ్మాయి మాకు అర్థమయ్యేట్టు చెప్పింది. విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు తాము చేసిన పనిని పెద్ద పత్రికలో అచ్చు కాకముందే, లేదా అచ్చుతో సంబంధం లేకుండానే, సొంతంగా నంబరు వేసి బయటపెట్టే కాగితమే టెక్నికల్ రిపోర్టు. కొన్నిచోట్ల మెమో అంటారు, కొన్నిచోట్ల వర్కింగ్ పేపర్ అంటారు. ఇంటర్నెట్ నియమాలన్నీ రాసి ఉన్న కాగితాలకైతే "మీ అభిప్రాయాలు చెప్పండి" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. వాటిలో మొదటిది 1969 ఏప్రిల్‌లో వచ్చింది.

ఎందుకు రాస్తారు ఇవి? మనకు బాగా అర్థమయ్యే కారణమే. డబ్బు పెట్టినవాడు లెక్క అడుగుతాడు. మాట గుర్తుపట్టే యంత్రం కోసం 1971లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ ఐదేళ్ల పథకం పెట్టింది. వెయ్యి మాటలు గుర్తుపట్టాలి అని లక్ష్యం చెప్పింది. అప్పటికి రాజ్ రెడ్డిగారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1976లో అక్కడ తయారైన హార్పీ అనే పద్ధతి 1,011 మాటలదాకా అందుకుంది. ఆ ఐదేళ్లలో ఏ డబ్బుతో ఏం చేశారు, ఏది కుదిరింది, ఏది కుదరలేదు అన్నది రిపోర్టుల్లో రాసుకుంటూ వచ్చారు.

మా భాషలో చెప్పాలంటే పత్రికలో అచ్చయ్యేది ఖాతా, రిపోర్టు చిట్టా. ఖాతా పుస్తకం శుభ్రంగా ఉంటుంది, మొత్తాలు కలిసి ఉంటాయి, పదిమంది చూసి సరే అన్నాకే అది నిలుస్తుంది. చిట్టాలో ఆ పూట ఏం జరిగిందో అదే ఉంటుంది, కొట్టివేతలతో సహా. రాజ్ రెడ్డిగారి పని 1966లో రిపోర్టుగా వచ్చింది. 1967లో ధ్వనిశాస్త్ర పత్రికలో వ్యాసంగా వచ్చింది. పత్రికకు పేజీల కొలత ఉంటుంది, రిపోర్టుకు ఉండదు. పని నేర్చుకోవాలనుకునే పిల్లకు ఖాతా చూపిస్తే మెచ్చుకుంటుంది. చిట్టా చూపిస్తే నేర్చుకుంటుంది.

రిపోర్టు దొరికిన రాత్రి మాకు ఇంకా గుర్తుంది. దుకాణం షట్టరు సగం దించి, గద్దె మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం ముగ్గురం. పేరు కొడితే రాలేదు. పేరుతోపాటు మెమో నంబరు కొడితే వచ్చింది. అదే కాగితానికి స్టాన్‌ఫర్డ్ కంప్యూటర్ విభాగం వేసిన ఇంకో నంబరు 49. ఒకే మనిషికి ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్నట్టు. ఇది తెలియకపోతే వేర్వేరు రిపోర్టులు అనుకుని తిరుగుతూ ఉంటాం. టైపు మిషన్ మీద కొట్టిన అక్షరాలు, వంద దాటిన పేజీలు. పైసా ఖర్చు లేదు.

అమ్మాయి చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయింది. "పెద్దనాయినా, వీళ్లు పరీక్షించింది ఒక్క మనిషి గొంతే. అదీ ఒకటి రెండు సెకన్ల మాటలు, ఓ ముప్పై. అదే ఒప్పుకుని రాసుకున్నరు."

మాకు అందులో విశేషం ఏమిటో అర్థం కాలేదు. తనే చెప్పింది. అప్పటిదాకా తను రికార్డు చేసింది కూడా వాళ్ల నాన్న గొంతు ఒక్కటే, అదీ ఇంట్లో, తలుపులు వేసి. ఫోను ప్రతిసారీ సరిగ్గా రాస్తుంటే తన పని అయిపోయిందనుకుంది. రాసింది పెద్ద మనిషి గనుక, తన హద్దు ఎక్కడిదాకానో చెప్పుకున్నారు. మన పిల్ల తన హద్దు ఏదో కూడా చూసుకోలేదు.

మర్నాటి నుంచి ఫోను పట్టుకుని గంజ్‌లోకి దిగింది. ఇద్దరు హమాలీలు, ఒక గుమాస్తా, ఊరి నుంచి మినుములు తెచ్చిన ఒక రైతు. నలుగురి చేతా అంకెలు చెప్పించింది, మూడు భాషల్లో. ఫలితం? ఇంట్లో బాగా పనిచేసిన పద్ధతి ఇక్కడ చతికిలబడింది. జల్లెడ మిషన్ చప్పుడులో "ఏడు" ఏదో, "ఏళు" ఏదో దానికి తెలియలేదు. హమాలీ గొంతు అసలు మాటగానే తీసుకోలేదు. అమ్మాయి ఏడ్చింది. మేమూ లోపల భయపడ్డాం. తమ్ముడి మాట చెవిలో మోగుతూనే ఉంది.

"రాసేయి" అన్నాం. "పడని రోజు చిట్టాలో సున్నా వేస్తం గద. చిట్టా చించెయ్యం."

రాసింది. ఎవరి గొంతు ఎంత కుదిరింది, ఎక్కడ కుదరలేదు, ఎందుకు కుదరలేదని తను అనుకుంటున్నది, అన్నీ. పరీక్ష రోజు బయటి నుంచి వచ్చిన సారు సూటిగా ఆ కుదరని పట్టిక దగ్గరికే వెళ్లి ఇరవై నిమిషాలు ప్రశ్నలు వేశారట. అన్నిటికీ జవాబు చెప్పింది. క్లాసులో అందరికంటె ఎక్కువ మార్కులు రాలేదు, అది కూడా నిజమే చెప్తున్నాం. కానీ బోర్డు మీద గీసి చూపించమంటే గీసి చూపించే పిల్ల అయింది. తమ్ముడు మాతో మళ్లీ మాట్లాడుతున్నాడు.

ఇప్పుడు మీ పిల్లల కోసం, మేము ఈ నెలల్లో నేర్చుకున్నది వరుసగా చెప్తాం.

ఒకటి, వెతకడం నంబరుతో మొదలుపెట్టాలి. పాఠ్యపుస్తకం వెనక ఉండే జాబితాలో రిపోర్టు పేరు, సంస్థ, నంబరు, సంవత్సరం ఉంటాయి. నాలుగూ కలిపి వెతకాలి. అట్లా దొరకకపోతే ఆ సంస్థ సొంత సైటులో, ఆ విభాగం పేజీలో చూడాలి. 1990ల మొదట్లోనే అమెరికాలో ఐదు విశ్వవిద్యాలయాలు తమ కంప్యూటర్ రిపోర్టులను కంప్యూటర్ నెట్‌వర్కు మీద పెట్టే పని కలిసి చేశాయి. స్టాన్‌ఫర్డ్, కార్నెగీ మెలన్ రెండూ అందులో ఉన్నాయి. అందుకే పాతవి కూడా చాలా దొరుకుతాయి. ఇంకో తమాషా. మనం రోజూ వెతికే గూగుల్ ఏ లెక్కతో పేజీలకు వరుస ఇస్తుందో చెప్పిన మూల కాగితం కూడా 1998 నాటి ఒక స్టాన్‌ఫర్డ్ టెక్నికల్ రిపోర్టే.

రెండు, ఏ రంగానికి ఆ రంగం గిడ్డంగి ఉంటుంది. విమానాలు, రాకెట్ల పని అయితే నాసా రిపోర్టుల సైటు ఉంది. అందులో నాసా పుట్టకముందు సంస్థవి కూడా ఉన్నాయి. మన దేశంలో బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వాళ్లకూ సొంత భాండారం ఉంది. లెక్కలు, భౌతికశాస్త్రం, కంప్యూటర్లలో కొత్త పని అయితే 1991లో మొదలైన ఆర్కైవ్ ఉంది. మన దేశపు పీహెచ్‌డీ గ్రంథాలకు శోధ్‌గంగ ఉంది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వాళ్లు కూడా తమ కాగితాలకు రిపోర్టు నంబర్లు వేసి పెడతారు. మన భాషల మీద పని చేసే పిల్లలు ముందు అక్కడ చూడాలి.

మూడు, దొరికిన రిపోర్టును మొదటి పేజీ నుంచి ఆఖరిదాకా చదవక్కర్లేదు. ముందు సారాంశం, తర్వాత ఫలితాల పట్టికలు, తర్వాత ఏది కుదరలేదో చెప్పే భాగం చదవాలి. అది పనికొస్తుందనిపిస్తేనే మిగతాది.

నాలుగు, నమ్మే ముందు తూకం వెయ్యాలి. చిట్టాను ఎవరూ ఆడిట్ చేసి ఉండరు. బయటి నిపుణులు చూసి సరిదిద్దింది కాదు గనుక తప్పులు ఉండవచ్చు. తేదీ చూడాలి. అదే పని తరువాత సవరించి మళ్లీ వేశారా, పత్రికలో అచ్చయిందా అని చూడాలి. రెండూ ఉంటే రెండూ చదవాలి.

ఐదు, తీసుకున్నది ఎవరి నుంచో పేరు, నంబరుతో రాయాలి. ఉచితంగా దొరికిందని తనదిగా రాసుకుంటే, దుకాణంలో కొన్నదానికీ దీనికీ తేడా ఏముంది?

ఇది పిల్లల సంగతే అనుకుంటున్నారా? మనకూ ఒక పాఠం జరిగింది. ప్రాజెక్టు అయిపోయాక ఒకరోజు అమ్మాయి అడిగింది, "పెద్దనాయినా, మన సంఘం భవనానికి బోరు వేసేముందు ఏమన్నా రిపోర్టు చూసిన్రా?"

చూడలేదు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిరిగినాయన ఎక్కడ నిలబడితే అక్కడ వేశాం. రెండు బోర్లు. రెండింటిలో దుమ్మే లేచింది. ఆ ఖర్చు మీ అందరి చందా. కేంద్ర భూగర్భ జల మండలి బీదర్ జిల్లా గురించి రిపోర్టు తయారుచేసి, అందరికీ అందుబాటులో పెట్టింది. అమ్మాయి తెరిచి చూపిస్తే అప్పుడు చూశాం. మన ఊరు ఎర్రటి లేటరైటు రాతి గుట్ట మీద కూర్చుంది, దాని కింద నల్లటి బసాల్టు. పైరాయి నీటిని పీల్చుకుంటుంది. కింది రాయిలో పగుళ్లున్నచోటే నీరు నడుస్తుంది. ఇది తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఆరువందల ఏళ్ల కిందటే ఉన్నారు. నౌబాద్ దగ్గర బహమనీల కాలంలో తవ్విన సురంగ్ బావి ఆ తెలివితో కట్టిందే. మనం దాని పక్కనే ఉంటూ కొబ్బరికాయను నమ్ముకున్నాం. రిపోర్టు చూస్తే నీళ్లు తప్పకుండా పడేవని చెప్పడం లేదు. జిల్లా మొత్తానికి రాసిన రిపోర్టు మన భవనం వెనక జాగాలో ఏముందో చెప్పదు. కానీ ఎవరిని పిలవాలో, ఏం అడగాలో తెలిసేది.

కాబట్టి సమావేశంలో మేము పెట్టబోయే ప్రతిపాదన ఇది. "ప్రాజెక్టు ఖర్చు"కు సాయం ఇకమీదట రసీదు చూపిస్తేనే ఇద్దాం. కొనుక్కున్న ప్రాజెక్టుకు ఒక్క రూపాయి వద్దు. ఆ మిగిలిన డబ్బుతో మన భవనం పై గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, మంచి ఇంటర్నెట్ పెడదాం. మనం సాయం చేసిన ప్రతి ప్రాజెక్టు రిపోర్టు ఒక కాపీ అక్కడ ఉండాలి, నంబరు వేసి, కుదరనిది కూడా రాసి. వెనక వచ్చే పిల్లలు అక్కడి నుంచి మొదలుపెడతారు. ఇంతకుముందు మేము సంతకం పెట్టిన అర్జీల లెక్క కూడా ఆ రోజు మీ ముందు పెడతాం. ఎవరి పేరూ చదవం, పిల్లల తప్పు కాదది. బాధ్యత మాది.

మా అమ్మాయి రిపోర్టు బైండింగు అయి వచ్చింది. అట్ట మీద "సంఘం రిపోర్టు 1" అని తనే రాసింది. రెండోది మేము రాస్తున్నాం. ఆ రెండు బోర్లు ఎక్కడ వేశాం, ఎన్ని అడుగులు దిగాం, ఎన్నో అడుగు దగ్గర ఏ రంగు రాయి పొడి వచ్చింది, ఎంత ఖర్చయింది, అన్నీ. బోరు బండివాడి చీటీలు ఇంకా మా గల్లా పెట్టెలోనే ఉన్నాయి. గంజ్‌లో రేపు ఎవరు బోరు వేసినా ముందు వచ్చి అది చదువుకోవచ్చు.

మీ అభిప్రాయాలు కింద రాయండి. తిట్టాలనుకున్నా రాయండి. ఏదైనా రిపోర్టు నంబరు పట్టుకుని తికమకపడే పిల్లలుంటే రాత్రి ఎనిమిది తర్వాత మా దుకాణానికి పంపండి. షట్టరు సగం దించి ఉంటుంది, కిందినుంచి వంగి రమ్మనండి. చాయ్ మాది.